కెజియా స్ట్రౌడ్ కూర్చిన నాలుగు పంక్తులు

మా టిల్‌ఫర్డ్‌లో ఎవరైనా పేరు పెట్టకుండా ఏదైనా అచ్చు వేయించుకోవాలంటే రైలెక్కి పక్క ఊరు పోవాల్సిందే. కెజియా స్ట్రౌడ్ ప్రెస్సులో ఆ పప్పులు ఉడకవు. పోయిన అత్తగారి మీద నాలుగు చరణాలు రాసి తెచ్చిన అల్లుడైనా సరే, ఎన్నికల ముందు ఎదుటివాణ్ణి తిట్టిపోయడానికి వచ్చిన వకీలైనా సరే, కళ్ళద్దాల పైనుంచి చూసి ఒకటే అడుగుతుంది, కింద ఎవరి పేరు వెయ్యమంటారని. పేరు లేదంటే కాగితం మడిచి వాళ్ళ చేతిలోనే పెడుతుంది. మొండి ముసలిదంటారు కొందరు. మొండిదే, నేను కాదనను. కానీ ఆ మొండితనం ఊరికే రాలేదు. అది పద్దెనిమిది వందల డెబ్బై ఎనిమిది మార్చిలో, ఒక శనివారం మధ్యాహ్నం వచ్చింది.

అప్పటికి ఆమెకు ఇరవై రెండేళ్ళు. తండ్రి ఈనాస్, హాలమ్ గారి ప్రెస్సులో కంపోజిటరుగా ఉండి, దగ్గి దగ్గి పోయాడు. తల్లి డోర్కస్, విశ్వవిద్యాలయం కుర్రాళ్ళకు చొక్కాలు కుట్టి సంసారం లాక్కొచ్చింది. కెజియా తండ్రి నిలబడ్డచోటే నిలబడి సీసం అక్షరాలు కూర్చడం మొదలుపెట్టింది. ఇకమీదట ఆడపిల్లల్ని కూడా చేర్చుకుంటామని విశ్వవిద్యాలయం వాళ్ళు ప్రకటన పంపితే, దాన్ని కూర్చింది కూడా ఆమే. కూర్చి, ప్రూఫు తీసి, చేతులు కడుక్కుని, నేరుగా వెళ్ళి చేరిపోయింది. పొద్దున ప్రార్థన, పాఠాలు. మధ్యాహ్నం నుంచి ప్రెస్సు. గ్రీకు క్రియలన్నీ అక్షరాల గళ్ళ ముందు నిలబడే వల్లె వేసింది.

ఆమెతో కలిపి చేరిన ఆడపిల్లలు ఐదుగురు. మూడో ఏడు వచ్చేసరికి తక్కిన నలుగురూ "ఆరోగ్యం బాగాలేక" వెళ్ళిపోయారు. మా విశ్వవిద్యాలయంలో మగపిల్లవాణ్ణి వెళ్ళగొట్టాలంటే వాడు చేసిన తప్పేమిటో కాగితం మీద రాసి, ప్రొఫెసర్లందరూ సంతకాలు పెట్టి, పొద్దుటి ప్రార్థనలో అందరి ముందూ చదవాలి. ఆడపిల్లకు అంత శ్రమ అక్కర్లేదు. పిలిచి మంచిగా రెండు మాటలు చెబితే చాలు, ఆరోగ్యం అదే పాడైపోయేది.

ఏటా మార్చిలో మూడో ఏడువాళ్ళ ప్రసంగ సభ జరిగేది. మార్కుల్లో ముందున్న పదిమంది చర్చిలో ఊరందరి ముందూ నిలబడి తలో పన్నెండు నిమిషాలు మాట్లాడాలి. జాబితాలో పేరుండి మాట్లాడనివాణ్ణి నాలుగో ఏట్లోకి రానివ్వరు. నాలుగో ఏడు లేకపోతే పట్టా లేదు. ఆ సంవత్సరం జాబితాలో ఆరో పేరు కెజియా స్ట్రౌడ్. ఆడపిల్ల పేరు అందులోకి ఎక్కడం అదే మొదలు.

సభ ఎంత పాతదో దాని తోక కూడా అంత పాతది. ఆ తోకను అందరూ బోగస్ అనేవాళ్ళు. అసలు కార్యక్రమ పత్రంలాగే కనబడే దొంగ పత్రం ఒకటి రెండో ఏడు కుర్రాళ్ళు గుట్టుగా అచ్చు వేయించి, సభకు రెండు రోజుల ముందు ఊరంతా పంచేవాళ్ళు. మాట్లాడబోయే పదిమందినీ అందులో ఉతికి ఆరేసేవాళ్ళు. ఒకడు తాగుబోతు, ఒకడు చలికాలమంతా స్నానం చేయడు, ఒకడి తాత గుర్రాల దొంగ. తిట్లు తిన్నవాడి పేరు పూర్తిగా వేయరు, మొదటి అక్షరం వేసి తక్కినదంతా గీతలు. తిట్టినవాడి పేరైతే అక్షరమ్ముక్క కూడా ఉండదు. తిట్లు తిన్నవాడు ఆ కాగితం తన కంటపడనట్టు తిరగాలి, అదీ మర్యాద. పెద్దమనుషులు ఛీ ఛీ అంటూనే ఒక ప్రతి కోటు జేబులో దోపుకునేవాళ్ళు.

ఆ ఏడు బోగస్ అచ్చువేయడానికి హాలమ్ గారు ఒప్పుకున్నాడు. ఎందుకు ఒప్పుకున్నాడంటే, అడిగినవాళ్ళలో జడ్జిగారబ్బాయి ఉన్నాడు. కెజియా కంటపడకుండా శనివారం తక్కిన ఇద్దరు కంపోజిటర్ల చేతా పని కానిచ్చేద్దామనుకుని, ఆమెను మధ్యాహ్నం రావద్దని చెప్పి పంపాడు. ఇంతవరకూ బాగానే ఉంది. అలవాటు మాత్రం మనిషిని వదలదు కదా. ప్రెస్సులో ఏ మేటరు వచ్చినా దాన్ని కత్తెరతో ముక్కలు చేసి, అంకెలు వేసి, తలుపు పక్క కొక్కేనికి గుచ్చడం ముప్పై ఏళ్ళ పద్ధతి. చేతిలో పని అయిపోయినవాళ్ళు పైన ఉన్న ముక్క తీసుకోవాలి. ఏరుకోకూడదు, ముందు చదివి చూడకూడదు. హాలమ్ గారి చేతులు ఆ బోగస్‌ను కూడా అలాగే ముక్కలు చేసి ఆ కొక్కేనికే గుచ్చేశాయి. గుచ్చి, ఆయన కాగితం కట్టలకోసం స్టేషనుకు వెళ్ళాడు.

కెజియా ఇంట్లో ఊరికే కూర్చోలేక వచ్చేసింది. రావద్దన్నది తన ప్రసంగం చదువుకోడానికేమో అనుకుంది పాపం. తక్కిన ఇద్దరూ తలెత్తి చూసేలోపే కొక్కెం మీద పైముక్క తీసుకుని, తన చోటుకు వెళ్ళి, అక్షరాలు వరసగా పేర్చే కంపోజింగ్ స్టిక్ ఎడమచేతిలోకి తీసుకున్నాక గాని కాగితం వంక చూడలేదు. ఏడో నంబరు ముక్క. నాలుగు పంక్తులు.

"కె——— స్ట్రౌ—. ప్రసంగాంశం: గ్రీకుకు దగ్గరి దారి. నిఘంటువు అక్కర్లేదు, ప్రొఫెసర్ ఫె——— గారి పెరటి గుమ్మం తెలిస్తే చాలు. మార్కులు లోపల ఇస్తారు. సిరా అంటిన వేళ్ళ గుర్తులు కావలసినవారు ఆయనగారి చొక్కా మీద వెతుక్కోవచ్చు."

ఫెన్విక్ గారు గ్రీకు చెప్పే ప్రొఫెసరు, భార్య పోయినవాడు. కెజియా ఆయన ఇంటికి రెండుసార్లు వెళ్ళింది, నిఘంటువు అడగడానికి. రెండుసార్లూ వీధి గుమ్మం ముందే నిలబడింది, వంటావిడ పుస్తకం తెచ్చి చేతికిచ్చింది. అంతకు మించి ఏమీ లేదు.

ఆ చేతిరాత కూడా ఆమెకు తెలుసు. లైల్ టకర్‌మన్ అని, జడ్జిగారబ్బాయి, రెండో ఏడు. లాటిన్ పరీక్ష ముందు ఆమె నోటు పుస్తకం అరువు తీసుకుని, అందులో అక్కడక్కడా తన రాత కూడా కలిపి తిరిగిచ్చినవాడు.

ఏడవలేదంటే నేను అబద్ధం చెప్పినట్టు. ఏడ్చింది. అక్షరాలు కడిగే తొట్టి దగ్గరకు వెళ్ళి, కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. ఆ కాగితాన్ని చింపేస్తే ఏం లాభం, ఇంకో ముక్క రాసి తెస్తారు. పారిపోతే బోగస్ రాసినవాళ్ళకు అంతకన్నా పండగ లేదు. మొహం తుడుచుకుని వచ్చి కూర్చడం మొదలుపెట్టింది. మేటరులో ఉన్నది ఉన్నట్టు, కామా కూడా వదలకుండా కూర్చింది. ఒక్క పేరు దగ్గర మాత్రం గీతలు తీసేసి, పెద్ద అక్షరాల్లో కెజియా స్ట్రౌడ్ అని పూర్తిగా వేసింది. కింద మరో రెండు వరసలు చేర్చింది. "పై పంక్తులు కూర్చినది: కెజియా స్ట్రౌడ్." దాని కింద, "రాసినది:" అని వేసి, పక్కన ఖాళీ గీత ఒకటి వదిలింది.

హాలమ్ గారు స్టేషను నుంచి వచ్చి, ప్రూఫు చూసి, బల్ల పట్టుకుని నిలబడిపోయాడు. తప్పు తనదేనని ఆయనకు వెంటనే తెలిసింది, అందుకే కోపం ముందొచ్చింది.

"ఏంటమ్మా ఇది? నీ తల నువ్వే తీసుకెళ్ళి రోట్లో పెడతావా?"

"నా తల మీరు ముందే పెట్టేశారు హాలమ్ గారూ. రోట్లో తల పెట్టాక రోకటిపోటుకి భయపడితే ఎలా?"

"తీసెయ్. నీ పేరూ, కింద ఆ గీతా, తీసెయ్."

"తీస్తే ఆరు పంక్తులూ తీస్తాను. వేస్తే ఆరూ వేస్తాను. మీ ప్రెస్సు, మీ ఇష్టం."

ఆయన ప్రూఫు పట్టుకుని లోపలికి వెళ్ళి, కుర్చీలో కూర్చుని, చాలాసేపు బయటకు రాలేదు. ఆరూ తీసేస్తే కుర్రాళ్ళు పక్క ఊళ్ళో వేయించుకుంటారని ఇద్దరికీ తెలుసు. వచ్చాక ఆమె మొహం చూడకుండా చెప్పాడు. "మీ నాన్న నా దగ్గర పద్నాలుగేళ్ళు చేశాడు. ఆ మేటరు పుచ్చుకున్నప్పుడు నాకు బుద్ధి గడ్డి తింది. నువ్వు కూర్చినట్టే వేస్తాను. యూనివర్సిటీ పనులు పోతే పోనీ." పోయాయి కూడా, రెండేళ్ళపాటు. ఆ మాట ఆయన మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు.

సోమవారం పొద్దున ప్రార్థన గదిలో ప్రతి బల్ల మీదా బోగస్ ఉంది. తెచ్చి పరిచిన కుర్రాళ్ళు కట్ట విప్పి చదువుకోలేదు కాబోలు, తక్కినవాళ్ళతోపాటే చదివి తెల్లమొహాలు వేశారు. మామూలుగా అయితే కిచకిచలు వినబడేవి. ఆ రోజు కాగితం తిప్పుతున్న చప్పుడే వినబడింది. తిట్టు చదివినవాడి కన్ను దాని కింది ఖాళీ గీత మీదకు వెళ్ళకుండా ఉండదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర రెండో ఏడువాళ్ళు ఒకడి ముందుకొకడు పెన్సిలు తోసుకుని, వేసుకోరా నీ పేరు అంటే నువ్వే వేసుకోరా అని తన్నుకున్నారని ఊరంతా పాకింది. అయితే పాకింది అదొక్కటే కాదు. సిగ్గులేని పిల్ల, తన బూతు తనే అచ్చు వేసుకుందట అని కూడా పాకింది. ఆ మాట అన్నవాళ్ళే ఎక్కువ, ఉన్నమాట చెప్పుకోవాలి.

డోర్కస్‌కు ఆ కాగితం చొక్కా కుట్టించుకోడానికి వచ్చిన కుర్రాడి జేబులో దొరికింది. కూతురు ఇంటికి వచ్చేసరికి పొయ్యి మీద మొక్కజొన్న గంజి మాడిపోతోంది, ఆవిడ కదల్లేదు.

"ఊరి నోరు మూయించడం ఎవరివల్ల అయింది గనక, నీవల్ల అవుతుందిటే? నాలుగు రోజులు తల దించుకుంటే అదే పోయేదిగా. ఎవడో గీతలు పెట్టి రాస్తే, నువ్వు ఆ గీతలు చెరిపి పేరు రాస్తావా?"

"గీతలున్నా అది నేనేనని అందరికీ తెలుసమ్మా. తెలియంది వాళ్ళెవరో, అదే."

"నీకు తెలుసుగా. చెప్పెయ్, పీడా పోతుంది."

కెజియా గంజి దించి, మాడు గీకి, తల్లికి పెట్టి, తను తినలేదు.

ఆ సాయంత్రమే ప్రొఫెసర్లందరూ కూర్చున్న గదికి ఆమెను పిలిచారు. విశ్వవిద్యాలయం అధ్యక్షుడు డాక్టర్ లాత్రప్ గారు మెత్తని మనిషి, మెత్తగానే పొడిచేవాడు. కూర్చిన మనిషికి మేటరు ఎవరిచ్చారో తెలియకుండా ఉండదు గనక, పేరు చెబితే ఆ కుర్రాణ్ణి పంపించి విషయం ముగిస్తామన్నాడు. చెప్పకపోతే ఆ బోగస్‌లో ఆమె కూడా భాగస్తురాలే అవుతుందన్నాడు. కెజియా, ప్రెస్సులో పనిచేసేవాళ్ళు మేటరు తెచ్చినవాడి పేరు బయటపెట్టరని చెప్పింది. తన పేరు తను వేసిందనీ, రాసినవాడి కోసం చోటు వదిలిందనీ, వాడు రోజూ పొద్దున వీళ్ళ ఎదురుగానే ప్రార్థనకు కూర్చుంటున్నాడనీ, వాడినే అడగమనీ చెప్పింది.

లాత్రప్ గారు నిట్టూర్చాడు. "చూడమ్మా, నీకు ఒంట్లో కూడా అంత బాగున్నట్టు లేదు. ఒక ఏడాది ఇంటిదగ్గర విశ్రాంతి తీసుకుంటే..."

"నాకే రోగమూ లేదండీ. నన్ను పంపించాలంటే మగపిల్లల్ని పంపినట్టే పంపండి. నేను చేసిన తప్పేంటో రాయండి, అందరూ సంతకాలు పెట్టండి, పొద్దున ప్రార్థనలో చదవండి. నేను ముందు బల్ల మీద కూర్చుని వింటాను."

ఏడుగురు ప్రొఫెసర్లూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అలా రాయాలంటే ఆ నాలుగు పంక్తులూ అందులోకి వస్తాయి, వాటితోపాటు ఫెన్విక్ గారూ వస్తారు. ఫెన్విక్ గారు అప్పటిదాకా కిటికీలోంచి బయటకే చూస్తున్నాడు. పొద్దుటినుంచీ ఆయన, పాఠంలోనూ ఈ గదిలోనూ కలిపి, విశ్వవిద్యాలయం పరువు అని ఆరుసార్లన్నాడు గాని, ఆ రాసింది అబద్ధం అని ఒక్కసారీ అనలేదు. అది కెజియాకు అప్పుడే తట్టింది. తట్టగానే ఒంట్లో ఉన్న భయమంతా పోయి, ఆ చోట కోపం వచ్చి కూర్చుంది.

"ప్రొఫెసర్ గారూ, మీ ఇంటి పెరటి గుమ్మం ఏ రంగో కూడా నాకు తెలీదు. అది మీకు తెలుసు. ఒక్క మాట అనండి."

ఆయన గొంతు సవరించుకున్నాడు. ఇలాంటి వాటికి జవాబు చెప్పడమే హోదాకు తక్కువని తన అభిప్రాయమన్నాడు. మగవాడి హోదా, ఆడదాని బతుకు ఒకే త్రాసులో పెడితే ఎటు మొగ్గుతుందో అందరికీ తెలిసిందే. ఆ గదిలో ఎవరూ ఏమీ రాయలేదు, ఏమీ తేల్చలేదు. ఆమెను వెళ్ళమన్నారు.

మంగళవారం టకర్‌మన్ ప్రెస్సుకు వచ్చాడు. టోపీ చేతిలో నలుపుతూ, తన పేరు చెప్పనందుకు చాలా కృతజ్ఞుణ్ణి అన్నాడు. అందరూ ఏటా రాసేదే తనూ రాశానన్నాడు. పదిమందికీ తలా నాలుగు పంక్తులు వేయాలి గనక వేశానే గాని, ఆమె మీద తనకేమీ లేదన్నాడు. కెజియా చేతిలో పని ఆపలేదు.

"నిన్ను కాపాడ్డానికి నోరు మూసుకున్నాననుకుంటున్నావా లైల్? ఆ చోటు ఇంకా ఖాళీగానే ఉంది. అదుగో పెన్సిలు."

"మా నాన్న చంపేస్తాడు, మిస్ స్ట్రౌడ్."

"మీ నాన్న నిన్ను చంపుతాడని నేను చావాలా?"

వాడు పెన్సిలు వంక చూశాడు. ముట్టుకోలేదు. వెళ్ళిపోయాడు. తర్వాత వాడూ జడ్జి అయ్యాడు, మా జిల్లాకే.

ఆ సాయంత్రం ఆమెకు ఒక చీటీ వచ్చింది. రేపటి సభలో ఆరో పేరు పిలవబడదనీ, వినడానికి రాదలిస్తే రావచ్చనీ. కింద సంతకం లేదు. పిలవని పేరుకు మాట్లాడే హక్కు లేదు, మాట్లాడకపోతే నాలుగో ఏడు లేదు. వెళ్ళగొట్టకుండానే వెళ్ళగొట్టడమంటే ఇదే. కెజియా ఆ చీటీ తల్లికి చూపించింది. డోర్కస్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, లేచి వెళ్ళి, కూతురి నల్ల గౌను తెచ్చి ఇస్త్రీపెట్టె వేడిచేసింది.

బుధవారం రెండు గంటలకు చర్చి కిక్కిరిసిపోయింది. అంత జనం అంతకుముందెప్పుడూ రాలేదు, ఎందుకొచ్చారో చెప్పక్కర్లేదు. మాట్లాడేవాళ్ళు కూర్చునే ముందు బల్ల మీద తొమ్మండుగురు మగపిల్లలు ఉన్నారు. కెజియా వెళ్ళి ఐదో వాడికీ ఏడో వాడికీ మధ్య నిలబడింది. వాళ్ళు కాస్త అటూ ఇటూ జరిగారు, జరగక ఏం చేస్తారు. ఆమె కూర్చుంది. పేర్లు పిలిచే పని గ్రీకు ప్రొఫెసరుది, ఎప్పటినుంచో అంతే. ఫెన్విక్ గారు వేదిక మీద జాబితా పట్టుకుని నిలబడ్డాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఐదోవాడు మాట్లాడి దిగాక ఆయన వేలు కాగితం మీద కిందకు జరిపి, ఏడో పేరు చదివాడు.

ఏడోవాడు లేవబోయాడు. అతనికంటే ముందు కెజియా లేచింది.

"ప్రొఫెసర్ గారూ, ఒక పేరు వదిలేశారు."

ఫెన్విక్ గారు జాబితా వంకే చూస్తూ, వదిలింది పొరపాటున కాదని, కూర్చోమని, అదీ పెదవుల్లోనే అన్నాడు. మేడ మీది బల్లల నుంచి ఎవడో ఈల వేశాడు. కెజియా కూర్చోలేదు.

"పరవాలేదండీ. నేనే చెప్పుకుంటాను. కెజియా స్ట్రౌడ్."

అని, మెట్లెక్కింది. ఫెన్విక్ గారు వేదిక మధ్య నుంచి కదల్లేదు. తను కదలకపోతే ఆమెకు నిలబడడానికి చోటుండదని ఆయన ఎత్తు. కెజియా వెళ్ళి ఆయన పక్కనే, భుజానికి భుజం అంత దగ్గరగా, జనం వైపు తిరిగి నిలబడింది. ఊరి మొత్తం కళ్ళు ఆ ఇద్దరి మీద పడ్డాయి. ఆమె గొంతు తగ్గించలేదు.

"మీరు ఇక్కడే నిలబడినా నాకు అభ్యంతరం లేదండీ. మనిద్దర్నీ పక్కపక్కన చూడాలని ఊరంతా పనులు మానుకొచ్చింది. నాకు దాచుకునేదేమీ లేదు. మీకేమైనా ఉందా?"

ఫెన్విక్ గారు ఆమె వంక చూశాడు, జనం వంక చూశాడు. జాబితా ఆయన చేతిలో ఉండగానే మెట్లు దిగాడు, అదీ మామూలుగా కాదు, నిప్పు తొక్కినవాడిలా. ముందు ఎవరో ఆడమనిషి నవ్వింది. తర్వాత వెనక బల్లలు నవ్వాయి. ఆ నవ్వు ఎవరి మీదో టిల్‌ఫర్డ్‌లో ఎవరికీ అనుమానం లేదు.

నవ్వు ఆగేదాకా కెజియా ఆగింది. తర్వాత మొదలుపెట్టింది. ఆమెకిచ్చిన అంశం రోము నగరానికి కొండలమీదనుంచి నీళ్ళు తెచ్చిన కాలువలు. వాలు ఎంతుండాలి, వంతెన ఎక్కడ కట్టాలి, సున్నంలో ఏం కలిపారు, అన్నీ చెప్పింది. బోగస్ ఊసు ఎత్తలేదు, తన గురించి ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పుకోవాల్సిన అవసరం ఆమెకు లేదు, చెప్పాల్సినవాళ్ళు కింద కూర్చుని ఉన్నారు. లాత్రప్ గారు మధ్యలో రెండుసార్లు గడియారం తీసి చూశాడు, ఆపమని చేయెత్తడానికి మాత్రం చెయ్యి రాలేదు. నియమం ప్రకారం పన్నెండు నిమిషాలు. కెజియా స్ట్రౌడ్ పన్నెండు నిమిషాలూ మాట్లాడింది, ఒక్క నిమిషం కూడా వాళ్ళకు వదల్లేదు.